ఒత్తు పట్టినవాడి కచేరి

ధర్మవరం స్టేషన్ బయట ఇలియాస్‌కు తన మొహమే ఎదురొచ్చింది. ఆటోస్టాండు వెనక గోడకు మనిషెత్తు ఫ్లెక్సీ కట్టారు. ఒకవైపు నాయన నబీసాబ్, నెత్తిన జరీ తలపాగా, చేతిలో సన్నాయి. ఇంకోవైపు తాను. ఎవరి పెళ్ళిలో తీసిన ఫోటోనో, బుగ్గలు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. కింద ఎర్రటి అక్షరాలు: ‘సన్నాయి నబీసాబ్ సంస్మరణ సభ. తండ్రి బాటలో తనయుడు ఇలియాస్ సన్నాయి కచేరి. మీరిచ్చే ప్రతి రూపాయి ఊపిరాడని పేదలకు ఆక్సిజన్ మిషన్ల కోసం.’

పరుపుల గుడ్డ కొందామని హిందూపురం నుంచి వచ్చినవాడు ఆ గుడ్డ సంగతే మరిచిపోయి అక్కడే నిలబడిపోయాడు. టీ అంగడివాడు ఫ్లెక్సీని, మనిషిని మార్చి మార్చి చూశాడు.

“ఏమప్పా, ఆడ ఉండేది నువ్వేనా? ఆదివారం ఇంటిల్లిపాదీ వస్తాండాం. మీ నాయన మాదిరి ఊదల్ల మరి!”

ఇలియాస్ తలూపాడు. ఊపకుండా ఏం చేయాలో తెలియలేదు.

ఎందుకంటే ఇలియాస్ తన జన్మలో సన్నాయి ఊదలేదు. అతను ఊదింది ఒత్తు.

చూడ్డానికి ఒత్తు సన్నాయికి కవలపిల్ల. అదే నల్లకొయ్య, అదే ఇత్తడి గంట. వేళ్ళాడించే రంధ్రాలు మాత్రం ఉండవు. అందులో పలికేది ఒకే ఒక్క స్వరం. ఆ స్వరాన్ని పట్టుకునే పక్కన సన్నాయి పాట నడుస్తుంది. సన్నాయి ఊదేవాడు మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవచ్చు, తమలపాకు నమలొచ్చు. ఒత్తు పట్టినవాడు ఆగకూడదు. ముక్కుతో గాలి పీలుస్తూనే, బుగ్గల్లో దాచిన గాలిని వదులుతూ ఉండాలి. ఇరవై ఏళ్ళకు పైగా నాయన పక్కన కూర్చుని ఇలియాస్ చేసిన పని అదే. చూసేవాళ్ళకు ఇద్దరు మనుషులు, రెండు సన్నాయిలు. తండ్రీకొడుకులు కలిసి ఊదుతున్నారనుకున్నారు. అందులో వాళ్ళ తప్పూ లేదు. పెళ్ళిలో మేళాన్ని చూసేవాళ్ళుంటారు గాని వినేవాళ్ళు ఎవరు? తాళి కట్టేటప్పుడు పెద్దమనిషి చెయ్యెత్తి “గట్టిమేళం” అంటే గట్టిగా మోగాలి. అక్షింతలు వేసేవాళ్ళలో ఎవడైనా తుమ్మితే ఆ తుమ్ము వినపడకూడదు. మేళగాళ్ళకు కూలి ఇచ్చేది ప్రధానంగా అందుకే.

కొడుక్కు స్వరాలు నేర్పాలని నబీసాబ్‌కు లేక కాదు. ఇలియాస్ సన్నాయి పడితే ఒత్తుకు ఇంకో మనిషిని పెట్టుకోవాలి, ఆ మనిషికి కూలివ్వాలి. కన్నకొడుకైతే కూలి అక్కర్లేదు. “మూఢం రానీబ్బీ, పెండ్లిండ్లుండవు, అప్పుడు తీరిగ్గా నేర్పుతా” అనేవాడు. మూఢం రాగానే తండ్రీకొడుకులు దూదేకడానికి పోయేవాళ్ళు. పొద్దంతా పత్తి దుమ్ములో నిలబడి, సాయంత్రం నల్లగా దగ్గి, తిని పడుకునేవాళ్ళు. ఇంక స్వరాలెక్కడ? తర్వాత బజార్లోకి శ్రుతి పెట్టె వచ్చింది. మీట నొక్కితే చాలు, ఆగకుండా మోగుతుంది, అన్నం అడగదు. ఇలియాస్ పెనుకొండ వదిలి హిందూపురంలో పరుపులు కుట్టే అంగడి పెట్టుకున్నాడు.

పోయినేడు నబీసాబ్ ఊపిరాడక పోయాడు. ఆసుపత్రి చీటీల మీద ఆస్తమా అని రాశారు. పత్తి దుమ్ము అని ఎవరూ రాయలేదు. పట్టు మగ్గాల కింద, రాళ్ళ పాలిషింగులో, వేరుశనగ బుడ్డలు ఒలిచే మిల్లుల్లో ఊపిరితిత్తులు పాడైనవాళ్ళకు కూడా దుమ్ము అని రాయరు. రాస్తే ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆఖరి నెలల్లో నబీసాబ్ బతికింది సరస్వతమ్మ ఇచ్చిన మిషను మీద. ఆమె ఆరోగ్యకేంద్రంలో నర్సుగా చేసి రిటైరైంది. కరెంటు మీద నడుస్తూ గాలిలోంచి ఆక్సిజన్ లాగి ముక్కుకు అందించే మిషన్లను చందాలతో కొని, పైసా తీసుకోకుండా ఇళ్ళకిచ్చి, పనయ్యాక వెనక్కి తెచ్చుకుంటుంది. ఆ మిషన్లు చాలడం లేదనే ధర్మవరంలో మరమగ్గాల కార్మిక సంఘం విజయ్ కుమార్ ఈ సభ తలపెట్టాడు.

“అన్నా, ఆదివారం మీ నాయన పేరు మింద సంగీతం పెడతాండాం. నువ్వు రావల్ల” అని ఫోన్‌లో అడిగితే, “అంతకంటేనా విజయా” అన్నాడు ఇలియాస్. బయటినుంచి ఎవరైనా విద్వాంసుణ్ణి పిలుస్తారు, పక్కన ఒత్తు పట్టమంటారు అనుకున్నాడు. విజయ్ తన సొంత అక్క పెళ్ళిలో ఇలియాస్ నోట్లో నల్లకొయ్యను చూశాడు. ఇంక అడిగేదేముంది అనుకున్నాడు.

ఇంటికొచ్చి చెబితే భార్య నాజ్నీన్ కుట్టు మిషను ఆపి కూడా చూడలేదు.

“ఇప్పుడే ఫోన్ చేసి చెప్పయ్యా, నాకు సన్నాయి రాదు, ఒత్తే వచ్చు అని. నోరు తెరిస్తే అయిపాయ.”

“నోరు తెరిస్తే మిషన్లు పోతాయే.”

“యాడికి పోతాయి? ఊపిరాడనోనికి ఇచ్చేదానికి నీ పాటతో ఏం పని?”

అతను జవాబు వెతుక్కునే లోపే ఫోన్ మోగింది. అవతల విజయ్, గొంతులో పండగ.

“అన్నా! ఈరప్ప సావుకారు మూడు మిషన్లు ఇస్తానన్న్యాడు! పట్టుచీరల ఈరప్ప! ఒగటే మాటన్న్యాడు. ‘మా ప్రమోద పెండ్లిలో నబీసాబ్ ఊదిన పాట ఆయప్ప కొడుకు నోట మల్లా వినల్ల. విని ఆ స్టేజీ మిందనే ఇస్తా’ అని.”

“విజయా...”

“చెప్పన్నా.”

“ఏం లే. ఎండ ఎక్కువుండాది. తిరిగేటప్పుడు టోపీ పెట్టుకో.”

నాజ్నీన్ నెత్తి కొట్టుకుంది. “టోపీ ఆయప్పకు కాదు, నువ్వు ఊరికి పెడతాండావు.”

మరుసటి రోజు ఇలియాస్ పెనుకొండ రైలెక్కాడు. ఇంటి బయట ఈ నిజం తెలిసిన మనిషి ఒకడే ఉన్నాడు, నాయనకు జీవితాంతం డోలు కొట్టిన నారాయణప్ప. చిన్నప్పటినుంచీ ఇలియాస్ ఆయన్ను మామా అనే పిలుస్తాడు.

కొండ కింద వీధిలో నారాయణప్ప మంచం మీద, ఒళ్ళో రెండు దిండ్లు పెట్టుకుని, వాటి మీదికి వాలి కూర్చున్నాడు. వెనక్కి ఒరిగితే ఊపిరి ఆడదు. ఎండాకాలం మొదలైనప్పటినుంచీ కూర్చునే నిద్ర. మూఢం రోజుల్లో ఆయన కూడా నబీసాబ్ పక్కనే పత్తి ఏకినవాడు. సరస్వతమ్మ ఆయన వేలికి ఒంట్లో ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి చూస్తోంది. అంకె చూసి పెదవి విరిచింది.

“మిషన్లన్నీ ఇండ్లల్లోనే ఉండాయప్పా ఇలియాసూ. మీ నాయన వాడింది గాండ్లపెంటలో ఉండాది. అది వాపసు రావల్లంటే...” అని ఆగిపోయింది.

వాపసు రావాలంటే గాండ్లపెంటలో ఎవరో పోవాలి. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. దేవుడా, ఎవరో తొందరగా పోవాలని ఎదురుచూసే గతి పగవాడికి కూడా వద్దని ఇలియాస్ అనుకున్నాడు. అనుకుంటూనే గాండ్లపెంట మనిషికి ఎట్లుందో అడగబోయి నాలుక కరుచుకున్నాడు.

“మామా, నన్ను ఆదివారం సన్నాయి ఊదమంటాండారు” అన్నాడు.

నారాయణప్ప నవ్వాడు. నవ్వు దగ్గుగా మారి మనిషి మెలికలు తిరిగిపోయాడు. ఆయన భార్య మారెమ్మ పరుగున వచ్చి వీపు రుద్దింది.

“నవ్వొద్దని ఎన్నితూర్లు చెప్పల్ల నీకు! ఏమబ్బీ, నవ్విచ్చేదానికి వచ్చినావా, చంపేదానికా?”

“గాడిదైనా... ఊదుతాది గాని... వీడా!” అన్నాడు నారాయణప్ప, మాటకూ మాటకూ మధ్య గాలి ఏరుకుంటూ. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. “ఈరప్ప బిడ్డ పెండ్లి... వీడియో తీసినారు గదా. అందులో మీ నాయన ఉండాడు. అది పెట్టించు. పాట ఆడ మోగుతాది. నువ్వు నాయన సన్నాయి నోట్లో పెట్టుకుని... వేళ్ళాడించు. ఎవనికి తెలుస్తాది? ఆ పొద్దు విన్యారా... ఈ పొద్దు వినేదానికి?”

“అది మోసం గాదా మామా?”

“మోసమే.”

నారాయణప్ప దిండ్ల మీంచి తలెత్తాడు.

“నాకు ఊపిరి కావల్లబ్బీ. నీకు... నిజం కావల్నా?”

మారెమ్మ గోడవైపు తిరిగింది. సరస్వతమ్మ క్లిప్పును డబ్బాలో పెట్టి, మూత సరిగా పడలేదన్నట్టు మళ్ళీ మళ్ళీ నొక్కింది. మూడు మిషన్లు వస్తే మొదటిది ఈ ఇంటికేనని ఆమె అప్పటికే మారెమ్మకు మాటిచ్చింది.

ఇలియాస్ స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని విజయ్‌కు ఫోన్ చేశాడు. తనకు సన్నాయి రాదనీ, మామ చెప్పిన ఉపాయం ఇదనీ ఉన్నదున్నట్టు చెప్పాడు.

“నీ నోట్లో సన్నాయి నేను చూసినా గదన్నా!”

“అది సన్నాయి గాదు విజయా.”

“ఇప్పుడెట్లన్నా? పాంప్లెట్లు పంచేసినాం. చిలమత్తూరు దాకా చెప్పేసినాం.” మళ్ళీ తనే అన్నాడు, “సరే. మన కోసం గాదు గదా. వీడియో నేను ప్రమోదక్క కాడ తీసుకొస్తా. పాట మళ్ళా వినల్లని అడుగుతాండారంటే ఇస్తాది.”

విజయ్ తెచ్చిన వీడియోను ఇలియాస్ అంగట్లో పరుపుల మధ్య కూర్చుని విన్నాడు. నాయన పాటలు ఇంకెక్కడా రికార్డు కాలేదు. ఎవరు చేస్తారు? ఎవరో ఒకరి పెళ్ళి వీడియోల్లో, వాళ్ళ మాటల అడుగున పడి ఉన్నాయి. ఇందులోనూ అంతే. సన్నాయి అందుకునేసరికి ఎవరో, “యాడ తీసుకుంటివక్కా ఈ చీర?” అంటుంది. పాట పైస్థాయికి ఎక్కుతుంటే, “పప్పు ఇంగోసారి తిప్పండప్పా!” అని కేక. ఒక పిల్ల ఏడుపు. వీటన్నిటి కిందా, నేలలో నీళ్ళలా, ఎక్కడా తెగకుండా తన ఒత్తు. అది తనదని ఇలియాస్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

పాట సగంలో కెమెరా పక్కనే ఈరప్ప గొంతు. ఇప్పటికన్నా లేతగా, గట్టిగా, ఎవరినో పురమాయిస్తోంది.

“మేళగాళ్ళకు ఇప్పుడే ఆకులెయ్యొద్దు. మనోళ్ళంతా తిని లేచినాక బయట గోడ పక్కన ఎయ్యండి. వాళ్ళు పంక్తిలో కూర్చుంటే మనోళ్ళు లేస్తారు.”

ఇలియాస్ ఫోన్‌లో వీడియో ఆపాడు. ఆ మాట అతనికి కొత్త కాదు. అట్లాంటి గోడల పక్కన ఎన్ని ఆకుల్లో తిన్నాడో. కొత్తది భయం. సభ జరగబోయేదీ ఆ పెళ్ళి జరిగిన మంటపంలోనే. ఆ మాట అక్కడ, అదే ఈరప్ప ముందు, స్పీకర్లలో మోగితే?

“ఆ మాట వచ్చేచోట సౌండు బాగా తగ్గించు విజయా. మరిచిపోతే మనం మునుగుతాం.”

“తగ్గిస్తాలే అన్నా.”

మిగిలిన రోజులు వేళ్ళతో గడిచాయి. నాయన సన్నాయికున్న రంధ్రాల మీద వేళ్ళు పెట్టి, అద్దం ముందు నిలబడి, పాటతో కలిపి ఆడించాడు. పాట మొత్తం తలలో ఉంది. ఏ స్వరం తర్వాత ఏది వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. వేళ్ళు మాత్రం వినవు. పాట ముందు, వేళ్ళు వెనక. నాజ్నీన్ గుమ్మంలో నిలబడి చూసి, “కోడి గింజలు ఏరినట్టుండాది” అంది. నవ్వుదామనుకుంది గాని అతని మొహం చూసి, లోపలికి పోయి అన్నం పెట్టింది. అతను తినలేదు.

ఆదివారం మంటపం నిండింది. ముందు వరసలో ఈరప్ప, పక్కన అల్లుడు, వియ్యంకులు, చివర ప్రమోద. వేదిక మీద పూలదండ వేసిన నబీసాబ్ ఫోటో. బతికుండగా ఆ మంటపంలో నబీసాబ్ కూర్చున్నది వేదిక కింద, స్తంభం పక్కన చాప మీద. ఇలియాస్ పక్కన శ్రోతలకు కనిపించకుండా ఒత్తు సంచి పెట్టుకున్నాడు. అలవాటు చొప్పున తెచ్చాడు. విజయ్ మూల టేబుల్ దగ్గర, సౌండు మీటల ముందు.

“పెద్దాయన పాటకే తోడుగా ఇలియాసన్న ఊదుతాడు” అని ప్రకటించారు. స్పీకర్లు గరగరలాడాయి. నాయన సన్నాయి మొదలైంది. ఇలియాస్ సన్నాయి పీకను పెదవుల మధ్య పెట్టుకుని, బుగ్గలు ఉబ్బించి, వేళ్ళాడించాడు. చెమట కళ్ళలోకి కారుతోంది. ఇప్పుడు ఎవరో లేస్తారు, వేలు చూపిస్తారు, అనుకున్నాడు.

ఎవరూ లేవలేదు. ఎవరూ అతని వేళ్ళవైపే చూడలేదు.

“ఏయ్, అది మా చిన్నమ్మ గొంతు!” అని ఎవరో అరిచారు. “పప్పు అడిగేది నువ్వే గదా మామా, అప్పుడూ అదే యావ!” అని ఇంకొకరు. హాలంతా నవ్వు. ఒక ముసలామె చచ్చిపోయిన తన భర్త దగ్గు విని కొంగు నోట్లో కుక్కుకుంది. అందరూ తమ మాటలు వింటున్నారు. నబీసాబ్ పాట అప్పటిలాగే వాళ్ళ మాటల కింద తన పాటికి తాను పోతోంది. ఇలియాస్‌కు ఒక క్షణం భయం తగ్గింది. ఆ తగ్గడమే గుండెలో ముల్లులా గుచ్చుకుంది.

ఆ చోటు దగ్గరపడుతోంది. విజయ్ వైపు చూశాడు. విజయ్ చెయ్యి మీట మీదే ఉంది. కదల్లేదు.

“మేళగాళ్ళకు ఇప్పుడే ఆకులెయ్యొద్దు...”

నాలుగు స్పీకర్లలోంచి, హాలు నలుమూలలా, చివరి మాట దాకా వినపడింది. నవ్వులు టక్కున ఆగాయి. ఎవరూ ఈరప్పవైపు చూడలేదు. అంతమంది ఒకేసారి ఒక మనిషిని చూడకపోవడం కన్నా పెద్ద అవమానం ఉండదు. ఇలియాస్ వేళ్ళు బిగుసుకుపోయాయి. సన్నాయి పెదవులనుంచి జారింది. స్పీకర్లలో పాట మాత్రం ఆగలేదు, రవ్వంత తగ్గనూ లేదు.

“ఏమప్పా, సన్నాయి దానంతట అదే మోగుతాందే!” అన్నాడు వెనకనుంచి ఒకడు.

విజయ్ వీడియో ఆపేశాడు. ఇలియాస్ మైకు దగ్గరికి జరిగాడు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు.

“నాకు సన్నాయి రాదు. ఎప్పుడూ ఊదలేదు. నాయన పక్కన ఒత్తు పట్టినా, అంతే. మీరందరూ వస్తారని... చెప్పలేకపోయినా.”

ఈరప్ప లేచాడు. “దొంగ కచేరికి పిలిచి మమ్మల్ని నలుగుర్లో నగుబాటు చేస్తారా?” అంటూ ద్వారం వైపు నడిచాడు. అల్లుడు లేచాడు, వియ్యంకులు లేచారు. పక్క వరసల్లోనూ కుర్చీలు కదిలాయి. ఇలియాస్ వేదిక దిగి పరుగెత్తాడు. గేటు దగ్గర అందుకున్నాడు.

“సావుకారు, నేను కావాలని పెట్టియ్యలేదు. నన్ను కొట్టండి, తిట్టండి. పెనుకొండలో నారాయణప్ప, ఆ పొద్దు డోలు కొట్టినాయప్ప, కూర్చునే నిద్రపోతాండాడు.”

ఈరప్ప అతన్ని పక్కకు లాగాడు. గొంతు తగ్గించాడు.

“నువ్వు ఊదినావో లేదో నాకు పట్టదప్పా. ఆ గొంతు నాది గాదని మైకులో చెప్పు. చెబితే మిషన్లు రేప్పొద్దున్నే పెనుకొండకు.”

“అందరూ విన్యారు గదా సావుకారు.”

“విన్యారు. నువ్వు గాదంటే గాదు. ఆ పొద్దు గోడ పక్కన తినింది మీరే గదా. మీరు చెప్పినాక ఇంగెవరు మాట్లాడతారు?”

దానం చేసేవాడి పరువును కాపాడాల్సింది దానం పుచ్చుకునేవాడే. ఆ రివాజు ఏ చట్టంలోనూ ఉండదు, అన్ని ఊళ్ళలోనూ నడుస్తుంది. ఇలియాస్ మళ్ళీ వేదికెక్కాడు. ఈరప్ప వెనకే వచ్చి కూర్చున్నాడు. మిగతావాళ్ళూ కూర్చున్నారు.

“ఇందాక ఆ మాటన్నది ఈరప్ప సావుకారు గాదు” అన్నాడు ఇలియాస్. “వంటల కాడ మేస్త్రి ఎవరో. నేను పక్కనే ఉన్న్యా. సావుకారు ఆ పొద్దు మమ్మల్ని పంక్తిలో కూర్చోబెట్టి... తన చేత్తోనే వడ్డించినాడు.”

అడిగినదానికన్నా ఎక్కువే చెప్పాడు. నేరాన్ని పేరు లేని వంటమేస్త్రి మీద వేశాడు. ఆ మేస్త్రీ బహుశా తనలాగే ఆఖర్న తిన్నవాడే. ప్రమోద తలెత్తి అతన్ని చూసింది. ఏదో అనబోయి, నాయన వైపు చూసి, తల దించుకుంది. అల్లుడు చప్పట్లు కొట్టాడు. హాలు అందుకుంది.

విజయ్ పాటను మళ్ళీ పెట్టాడు. ఇలియాస్ సంచిలోంచి ఒత్తు తీసి, అబద్ధం చెప్పిన నోటికే పెట్టుకున్నాడు. స్వరం నిలబడింది. కొంతసేపు నాయనా తానూ పాత రోజుల్లోలాగే సాగారు. తర్వాత ఒకచోట ఒత్తు తెగింది. అన్నేళ్ళలో ఎప్పుడూ తెగలేదు. మళ్ళీ పట్టాడు. అది తెగిన సంగతి ఎవరికీ తెలియలేదు.

మాట ప్రకారం సోమవారం మిషన్లు వచ్చాయి. ఒకటి నారాయణప్ప ఇంటికి, ఒకటి హిందూపురానికి, ఇంకోటి గుడిబండకు. ముక్కుకు గొట్టం పెట్టాక కాసేపటికి మారెమ్మ దిండ్లు ఒక్కొక్కటే తీసేసింది. నారాయణప్ప భయం భయంగా వెనక్కి ఒరిగాడు. ఏమీ కాలేదు. నడుం మంచానికి ఆనగానే కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

“ఎవరన్నా... కనిపెట్టినారా?” అన్నాడు.

“అందరూ కనిపెట్టినారు మామా. ఎవరూ ఏమీ అనలేదు.”

నిద్ర ఆయన్ను అప్పుడే లాక్కుపోయింది. మిషను మోసుకొచ్చిన విజయ్ వసారాలో తల వంచుకుని కూర్చున్నాడు.

“సౌండు తగ్గించేదానికి చెయ్యి రాలేదన్నా. ఆ మాట అందరూ వినల్లనిపిచ్చింది.”

“విన్యారు గదా. ఏం చేసినారు?”

“నువ్వే గాదంటివి గదన్నా!” విజయ్ గొంతు లేచింది. అంతలోనే లోపల పడుకున్న మనిషి గుర్తొచ్చి తగ్గింది. “నువ్వు అట్లా చెప్పకుండా ఉండాల్సిందని నేననడం లేదు. ఏమనాల్నో తెలీడం లేదు.”

ఇలియాస్ వచ్చి అతని పక్కన కూర్చున్నాడు.

“సావుకారు మల్లా వచ్చే ఏడు పెడదామంటాండాడు” అన్నాడు విజయ్ చివరికి. “ఇంగా ఎక్కువ మిషన్లిస్తాడంట. పోస్టర్ మింద మీ నాయన పక్కన ఆయన ఫోటో గూడా ఎయ్యల్లంట.”

సరస్వతమ్మ దగ్గర ఎదురుచూస్తున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయని ఇద్దరికీ తెలుసు.

“వస్తా” అన్నాడు ఇలియాస్. “ఒత్తు పడతా. మైకు మాత్రం నా ముందర పెట్టొద్దు.”

లోపల మిషను చప్పుడు మారినట్టనిపించి లేచి వెళ్ళి చూశాడు. ఏం మారలేదు. నారాయణప్ప నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నాడు. కరెంటు పోతే ఎట్లా అని ఇలియాస్‌కు అప్పుడు తోచింది. మారెమ్మను అడిగితే, “ఈ వీధిలో దినామూ పోతాది అబ్బీ” అంది.